నలభై సెకన్లలోపు వద్దనాలి

నమోదు 4,381. బుధవారం.

ఈరోజు యంత్రం నన్ను ముప్ఫై ఒక్కసారి అడిగింది. పంతొమ్మిది సార్లు గూడబాతుల గురించి, ఎనిమిది సార్లు కొట్టుకొచ్చిన గుర్రపుడెక్క గురించి, మూడు సార్లు పడవల గురించి, ఒకసారి ప్లాస్టిక్ కుర్చీ గురించి. అన్నిటికీ వద్దన్నాను. కుర్చీ శుభ్రంగా ఉంది. తేలి వచ్చిన కుర్చీని పూచీదారు తీసుకోకూడదని చట్టంలో ఎక్కడా లేదు కాబట్టి గెడతో లాక్కున్నాను. దాని మీదే కూర్చుని రాస్తున్నాను.

ఏటా మొదటి నమోదులో పూచీదారు తన వివరాలు రాయాలని నియమం. నా పేరు ఓలేటి మంగతాయారు. వయసు యాభై మూడు. తూర్పు డెల్టా, పాయ సముద్రంలో కలిసే మొగ దగ్గరి దిబ్బ మీద పదిహేడో నంబరు కావలి తుపాకీకి పూచీదారుని. యుద్ధానికి ముందు రేవులో లాంచీ టిక్కెట్లు ఇచ్చేదాన్ని. యుద్ధం ఆగాక రెండు డెల్టాల పెద్దలూ కూర్చుని తుపాకులు ముందు ఎవరు తియ్యాలన్న దగ్గర ఆరు నెలలు వాదించుకున్నారు. తేలలేదు. ఒక్క విషయంలో మాత్రం ఒప్పుకున్నారు. ఏ యంత్రమూ తనంతట తాను మనిషిని చంపకూడదు. ప్రతి యంత్రం పక్కన ఒక మనిషి ఉండాలి, తెర మీద ఎదుటివాళ్ల ముఖం చూడాలి, నోటితో చెప్పాలి, చెప్పినదానికి పూచీ పడాలి. రాత్రిపూట ముఖం కనబడదు కాబట్టి పొద్దు గుంకిన దగ్గర్నుంచి తెల్లారేదాకా యంత్రాలు నిద్రపోవాలి. పన్నెండేళ్లు నిండాయి. ఒక్కసారి కూడా నేను సరేననలేదు.

మా ఊళ్లో దీన్ని అల్లుడుగారు అంటారు. ఎత్తు మీద కూర్చుంటుంది, కదలదు, పని చెయ్యదు, అయినా దాని ముందు అందరూ ఒళ్లు దగ్గర పెట్టుకుని నడవాలి.

పాయకు అవతల, ఆరు వందల మీటర్ల దూరంలో, పడమటి డెల్టా వాళ్ల పదకొండో నంబరు ఉంది. దానికీ ఒకాయన పూచీదారు. ఆయన పేరు నాకు తెలియదు. పూచీదారులు ఒకరితో ఒకరు మాట్లాడకూడదని నిబంధన. కానీ ఆయన యంత్రం అడిగేదీ ఆయన చెప్పేదీ మైకులో పాయ మీదుగా నాకు వినబడతాయి. భోజనానికి ముందు చెప్పే వద్దు వేరు, తరవాత చెప్పే వద్దు వేరు. మొన్న శ్రావణ శుక్రవారం నాటి వద్దులో బూరెలు తిన్న సంతృప్తి స్పష్టంగా తెలిసింది.

నమోదు 4,388. బుధవారం.

సరుకుల లాంచీలో చట్టం ఆఫీసు ఇన్‌స్పెక్టరు వేదుల కాదంబరి గారు వచ్చారు. ముప్ఫై ఏళ్లుంటాయి. చట్టం మొత్తం కంఠతా వచ్చు, పడవ ప్రయాణం మాత్రం పడదు. అలవాటు ప్రకారం గట్టు దిగగానే ఓ పక్కకు వెళ్లి వాంతి చేసుకుని, నేనిచ్చిన అల్లం మజ్జిగ తాగి, సంచీలోంచి కాగితం తీశారు.

చట్టానికి సవరణ వచ్చిందట. ఉత్తరాన కొన్ని కావళ్లలో పూచీదారులు సంతకు పోతున్నారనీ, యంత్రాలు అడిగి అడిగి ఊరుకుంటున్నాయనీ సైన్యం వాళ్లు ఫిర్యాదు చేశారట. ఇక నుంచి యంత్రం అడిగిన నలభై సెకన్లలో జవాబు రాకపోతే ఆ మౌనాన్ని అంగీకారంగా తీసుకుంటుంది. రెండు డెల్టాలకూ ఇదే. వచ్చే బుధవారం నుంచి అమలు.

అంటే వద్దనకపోతే పేలుస్తుందా అని అడిగాను. ఆవిడ కాగితం మడిచి, అవునన్నారు. నా ముఖం చూడలేదు.

పూచీదారు స్నానాదుల కోసం రోజుకు మూడుసార్లు, ఒక్కోసారి పావుగంట చొప్పున యంత్రాన్ని నిద్రపుచ్చవచ్చు. దీన్ని స్నానపు సెలవు అంటారు. మూడూ కలిపి ఒకేసారి వాడుకోవచ్చట. ముక్కాలు గంట స్నానం చెయ్యడానికి నేనేమైనా కొత్త పెళ్లికూతురినా అన్నాను. కాదంబరి గారు నవ్వారు. వెళ్లేటప్పుడు లాంచీ ఎక్కుతూ, తనకు ఈ సవరణ నచ్చలేదని, అలా అన్నట్టు పుస్తకంలో రాయొద్దని చెప్పారు. రాసేశాను. కొట్టివేతలు నిషిద్ధం.

నమోదు 4,398. శనివారం.

కొత్త నియమం వచ్చి నాలుగు రోజులు. నోట్లో పళ్లపొడి ఉండగా వద్దనడం నేర్చుకున్నాను. ఎక్కిళ్ల మధ్యలో వద్దనడం నేర్చుకున్నాను. పులుసు రెండుసార్లు మాడింది. నిన్న తుమ్ములు పట్టుకుని ఆగలేదు. తెర మీద మా మరిది పోలారావు పడవ, అందులో అతను బీడీ వెలిగించుకుంటూ నాకు చెయ్యి ఊపుతున్నాడు, అంకెలు నడుస్తున్నాయి. ముప్ఫై ఆరు దగ్గర అన్నాను. పోలారావుకు ఆ సంగతి చెప్పలేదు. గట్టు మీదే అరగంట కూర్చుండిపోయాను. అరగంటలోనూ నాలుగు వద్దులు అన్నాను.

గొంతు పోకుండా మిరియాల కషాయం తాగుతున్నాను. అవతలాయన గొంతు కూడా బొంగురుపోయింది. ఆయనకు కషాయం ఎవరైనా కాచి ఇస్తున్నారో లేదో.

నమోదు 4,405. శనివారం.

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఇది పొడుగు.

తెల్లారగానే యంత్రాలు రెండూ లేచాయి. నేను పొయ్యి రాజేస్తున్నాను. అవతల పదకొండో నంబరు అడిగింది: ఎదురుగా కదలిక, అనుమతి ఇస్తారా. జవాబు లేదు. నిద్ర లేవలేదేమో అనుకున్నాను. పొయ్యి వదిలి గట్టు మీదికి వెళ్లాను. నాకు తెలియకుండానే లెక్క పెడుతున్నాను. నలభై దాటింది. పేలింది.

పన్నెండేళ్ల తరవాత మొదటి చప్పుడు. పాయ మధ్యలో గుర్రపుడెక్క తెప్ప ఒకటి ఆకూ వేరూ విడిపోయి గాల్లోకి లేచింది. దాని మీద ఒక నారాయణ పక్షి ఉండింది. తరవాత లేదు.

ఇంకోసారి అడిగింది. జవాబు లేదు. ఇంకోసారి పేలింది. ఆయనకు ఏదో అయింది.

చట్టం ఆఫీసుకు ఫోన్ చేశాను. రెండో శనివారం, ఆఫీసు సెలవు. కాదంబరి గారి సొంత నంబరుకు చేశాను. ఆవిడ విని, అవతలి యంత్రాన్ని ఆపమనాలంటే రెండు డెల్టాల ఉమ్మడి కమిటీ ద్వారా రాయాలనీ, జవాబుకు డెబ్బై రెండు గంటల గడువు ఉంటుందనీ చెప్పారు. చెబుతూ ఉండగానే గొంతు మారింది. పక్క ఫోన్లో ఎవరెవరికో చేస్తూనే ఉన్నారు. ఎవరూ ఎత్తలేదు.

తొమ్మిదిన్నరకు రేడియోలో పోలారావు. నిన్న సముద్రం మీదికి వెళ్లిన తొమ్మిది పడవలు తిరిగొస్తున్నాయి. ఆరు మావి, మూడు అవతలి వాళ్లవి. వాయుగుండం అనుకున్నదానికంటే ముందే కదిలిందట. లోపలికి రావడానికి ఈ పాయ ఒక్కటే దారి. అవతలి యంత్రం సంగతి చెప్పి, తుపాకీ అందని దూరంలో ఆగమన్నాను.

గాలి చప్పుడు మీదుగా పోలారావు అన్నాడు: "వొదినా, ఇక్కడ కెరటం మనిషెత్తు లేత్తంది. ఆగమంటే ఆగుతాం. మజ్జానం దాకా అంటే మాత్రం ఆగలేం. ఆడోళ్లున్నారు పడవల్లో."

చీకటి పడేదాకా ఆగితే యంత్రం తనంతట తాను నిద్రపోతుంది. కానీ చీకటికి ఎనిమిది గంటలుంది.

కాదంబరి గారికి మళ్లీ చేశాను. పడవల్ని కాల్చకుండా ఉండే దారి చట్టంలో ఏదైనా ఉందా అని అడిగాను. పేజీలు తిరగేస్తున్న చప్పుడు. తొమ్మిదో సెక్షన్ చదివారు. ఏ డెల్టా పూచీదారునైనా ఏ యంత్రమూ లక్ష్యంగా తీసుకోరాదు. పూచీదారు ఎక్కిన వాహనం కూడా అంతే.

నేను ఒక్కదాన్ని, పడవలు తొమ్మిది. అప్పుడు టిక్కెట్ల కిటికీలో కూర్చున్న రోజులు గుర్తొచ్చాయి. లాంచీకి తాడు కట్టి లాగే పడవలు ఎన్ని ఉన్నా ఒక్క టిక్కెట్టే తీసుకునేవాళ్లం. తాడు ఉన్నంతసేపు అదంతా ఒకే బండి. యంత్రానికీ అదే లెక్కా అని అడిగాను. ఆవిడ చాలాసేపు వెతికారు. తరవాత నిదానంగా, ఒక్కో మాట విడగొట్టి చదివారు. తాడుతో గానీ గొలుసుతో గానీ కలిపిన నావలను ఒకే వాహనంగా ఎంచవలెను.

"నేను చదివానంతే మంగతాయారు గారూ. సలహా ఇవ్వలేదు," అన్నారు. ఫోన్ పెట్టేసేముందు, "జాగ్రత్తగా వెళ్లిరండి," అన్నారు.

ఇక మిగిలింది మా అల్లుడుగారు. నేను దిబ్బ దిగితే నా మౌనాన్ని కూడా ఒప్పుకోలుగా తీసుకుని ఇదీ పేలుస్తుంది. మూడు స్నానపు సెలవులూ ఒకేసారి తీసుకున్నాను. నలభై అయిదు నిమిషాలు. గడియారం మణికట్టుకు బిగించి, చిన్న మోటారు పడవ నీళ్లలోకి తోశాను.

మొగ దాటాక కెరటం నిజంగానే మనిషెత్తు ఉంది. పోలారావు వాళ్లు అప్పటికే పడవలు వరసలో పెట్టి తాళ్లు ముడేస్తున్నారు. అవతలి వాళ్ల మూడు పడవలు చివర. వాళ్లకు మాతో మాటల్లేవు, పన్నెండేళ్లుగా వలలు కూడా ఎడంగా వేసుకుంటాం. కానీ మనవాళ్లు విసిరిన తాడు వాళ్లు మారు మాట్లాడకుండా అందుకున్నారు. పన్నెండు నిమిషాలు అయిపోయాయి.

నేను నా చిన్న పడవను వరసలో ముందున్న పోలారావు పడవ పక్కకు కట్టి, ఆ పడవ కొమ్ము మీద నిలబడి, మెడలోని పూచీదారు గుర్తింపు బిళ్ల పైకెత్తి పట్టుకుని, పాయలోకి పోనిమ్మన్నాను.

పదకొండో నంబరు మమ్మల్ని చూసింది. గొట్టం తిరిగింది. ఇన్నేళ్లూ ఆ ప్రశ్నను దూరం నుంచి విన్నాను. ఎదురుగా నిలబడి వినడం వేరు. ఎదురుగా కదలిక, అనుమతి ఇస్తారా. నా వెనక పోలారావు అంకెలు పైకే లెక్క పెడుతున్నాడు. వద్దురా అన్నాను, ఆపేశాడు. అప్పుడు మనసులో నేనే లెక్క పెట్టుకోవాల్సి వచ్చింది. అదింకా ఘోరం. నలభై అయింది. నలభై ఒకటి అయింది. పూచీదారు గుర్తింపు, లక్ష్యం కాదు అంది యంత్రం. పోలారావు బీడీ నోట్లో పెట్టుకున్నాడు, వెలిగించడం మరిచిపోయాడు.

సగం దూరం వచ్చాక చివరి పడవ తాడు జారింది. కెరటానికి ముడి విడిపోయి ఆ పడవ ఒక్కటీ అడ్డం తిరిగింది. యంత్రం వెంటనే గొట్టం దాని మీదికి తిప్పి మళ్లీ అడిగింది. ఈసారి అది నా వాహనం కాదు. పోలారావు మోటారు వెనక్కి తిప్పి వరసను ఆ పడవ దగ్గరికి నెట్టాడు. అందులో ఒక పెద్దావిడ ఉంది, అరవై దాటి ఉంటాయి. ఆవిడ పడవ అంచు మీద బోర్లా పడుకుని నీళ్లలో నానుతున్న తాడు కొస అందుకుంది. ముడి వెయ్యడానికి వ్యవధి లేదు. మోచేతికి నాలుగు చుట్లు చుట్టుకుని, రెండు కాళ్లూ పడవ అడ్డదూలానికి తన్ని పట్టుకుంది. తాడు బిగిసింది. ఆవిడ నోట్లోంచి మూలుగు రావడం నాకు వరస ఈ చివరిదాకా వినబడింది. చెయ్యి తాడో కాదో యంత్రం తేల్చుకోవడానికి కొంత సమయం పట్టింది. ఒకే వాహనం అంది.

పాయ దాటి లోపలి కాలవలోకి వెళ్లాక ఆవిడ చెయ్యి విప్పడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చారు. తోలు ఊడిపోయింది. ఎముక బాగానే ఉంది.

ఇరవై ఎనిమిది నిమిషాలు. నేనూ పోలారావూ నా చిన్న పడవలో పడమటి దిబ్బకు వెళ్లాం. అడుగు పెట్టకూడని చోటు. ఇల్లు అచ్చం మా ఇంటిలాగే ఉంది, తలుపులు అటువి ఇటున్నాయి. మనిషి వెనక పెరట్లో, నాచు పట్టిన స్నానాల రాయి పక్కన పడి ఉన్నాడు. సన్నగా, తెల్లటి మీసాలతో, నేను ఊహించుకున్న దానికంటే చిన్నగా ఉన్నాడు. నిన్న పొద్దుగుంకే వేళ జారిపడ్డాడట. తుంటి విరిగింది. మైకు ముందు వసారాలో ఉంది, అక్కడికి పాకలేకపోయాడు.

నీళ్లు పట్టించాను. గుక్క దిగాక నా వంక చూసి, ఊపిరితో అన్నాడు: "తెల్లారినకాడ్నించీ వద్దంటానే ఉన్నానమ్మా. దానికి వినపళ్లా."

నాకు నోట మాట రాలేదు. ఈ ఉద్యోగంలో అది మంచి అలవాటు కాదు.

నులకమంచం మీద పడుకోబెట్టి వసారాలోకి మోశాం. కదిపినప్పుడల్లా ఆయన పళ్లు బిగపట్టాడు. మైకు తీగ సాగదీసి నోటి దగ్గర పెట్టగానే యంత్రం ఏదో పక్షి గురించి అడిగింది. గొంతులో గరగర తప్ప మాట రాలేదు. ఇంకో గుక్క నీళ్లు. ఇరవై ఎనిమిది, ముప్ఫై. వద్దు అన్నాడు. యంత్రం ఒప్పుకుంది.

ఆసుపత్రికి తీసుకెళదామన్నాడు పోలారావు. ఆయన తల అడ్డంగా ఊపాడు. తను వెళితే, మళ్లీ మౌనం అనుకుని ఇది పేల్చడం మొదలుపెడుతుంది, ఇంకా ఎవరి పడవలు బయట ఉన్నాయో ఎవరికి తెలుసు అన్నాడు. పేరు అడిగాను. కొక్కిలిగడ్డ నాంచారయ్య. పోలారావును ఆయన దగ్గర ఉండమని, నేను తిరుగు పడవ కట్టాను.

మా దిబ్బ ఎక్కేసరికి నలభై రెండో నిమిషం. మిగిలిన మూడు నిమిషాల్లో రెండు చెంబుల నీళ్లు నెత్తిన పోసుకున్నాను. సెలవు కారణం అన్న గడిలో స్నానం అని రాయాలి. అబద్ధం రాయడం నాకు ఇష్టం లేదు.

నమోదు 4,406. ఆదివారం.

గాలివాన. నిన్న పొద్దు గుంకేదాకా, మళ్లీ ఈరోజు తెల్లారిన దగ్గర్నుంచీ ప్రతి కెరటానికీ, ప్రతి విరిగిన కొమ్మకూ రెండు యంత్రాలూ అడుగుతూనే ఉన్నాయి. నేను నాలుగు వందల పన్నెండు సార్లు వద్దన్నాను. నాంచారయ్య గారూ దాదాపు అన్నిసార్లు అని ఉంటారు. ఆయనవి వినబడ్డప్పుడల్లా నా ప్రాణం కుదుటపడింది. వినబడనప్పుడు నేను అంకెలు లెక్క పెట్టుకున్నాను. పోలారావు చెంచాతో గంజి పోస్తూ, పగలు ఆయన కన్ను మూతపడినప్పుడల్లా భుజం తట్టి లేపాడట. రాత్రి యంత్రం నిద్రపోయినా, ఆ గాలిలో ఆయన్ని పడవ ఎక్కించే వీలు లేకపోయిందట. తుంటి విరిగిన మనిషిని నిద్రపోనివ్వకపోవడం కంటే పాపం ఇంకోటి ఉండదని రేడియోలో అన్నాడు. సాయంత్రం ఆరింటికి అవతలి వాళ్ల లాంచీ కొత్త మనిషితో వచ్చింది. అందులో కాదంబరి గారు కూడా ఉన్నారు. తనది కాని డెల్టా లాంచీ ఎక్కడం ఆవిడకు ఉద్యోగం పోయే పని. తుపానులో పడవ ఎక్కడం అంతకంటే పెద్ద సంగతి. నాంచారయ్య గారిని ముప్ఫై ఒక్క గంటల తరవాత మైకు దగ్గర్నుంచి కదిలించారు.

నమోదు 4,429. మంగళవారం.

ఉమ్మడి కమిటీ విచారణ. నా మీద రెండు అభియోగాలు. సరిహద్దు గీత దాటడం, స్నానపు సెలవు దుర్వినియోగం. నాంచారయ్య గారి మీద ఒకటి, విధినిర్వహణలో మౌనం. ఆయన చక్రాల కుర్చీలో వచ్చారు.

అధ్యక్షుడు మర్యాదస్తుడే. మౌనాన్ని అంగీకారంగా తీసుకోవడం మన సంప్రదాయంలోనే ఉంది కదా, ఇందులో తప్పేముంది అని అడిగారు.

నేను లేచాను. "పెద్దలు మౌనం అర్ధాంగీకారం అన్నారండి. అర్ధం అంటే సగవేనండి. పెళ్లిచూపుల్లో పిల్ల తలొంచుకుంటే, లోపలికెళ్లి తల్లి నోటితో అడిగాకే లగ్గం పెడతారు. ఈయనైతే మౌనంగా కూడా లేరండి. నేలమీద పడి అరుత్తానే ఉన్నారు. దానికి మౌనం అని పేరెట్టింది యంత్రం. మీరు కూడా అదే పేరెడతారా అండి?"

అధ్యక్షుడు ఏదో రాసుకున్నారు. తీర్పు సాయంత్రం వచ్చింది. సవరణను పరిశీలనకు పంపారు, రద్దు చెయ్యలేదు. అభియోగాలు మూడూ రుజువైనట్టే. ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి. కొత్తవాళ్లు వచ్చేదాకా పుస్తకం మాత్రం నేనే రాయాలట. పూచీదారు లేని యంత్రాన్ని తాళం వేసి, గుడ్డ కప్పి ఉంచాలన్నది పాత చట్టం. దాన్ని ఎవరూ సవరించలేదు. అవతల వచ్చిన తాత్కాలికపు మనిషి కూడా పదిరోజులకే రాజీనామా ఇచ్చి వెళ్లిపోయాడు కాబట్టి, పదకొండో నంబరుకూ గుడ్డ కప్పారు.

బయటకు వచ్చాక నాంచారయ్య గారు మా పుస్తకంలో బూరెల సంగతి నిజమేనని ఒప్పుకున్నారు. విచారణలో పుస్తకం మొత్తం చదివి వినిపించారు మరి.

నమోదు 4,465. బుధవారం.

పూచీదారు ఉద్యోగానికి రెండో ప్రకటన వచ్చింది. ఇల్లు, బియ్యం, జీవితకాలపు వైద్యం. రెండు డెల్టాల్లోనూ ఒక్క దరఖాస్తు లేదు. మా ఊళ్లో గట్టిగా ఎవరూ ఏమీ అనుకోలేదు. సంఘం పెట్టలేదు, తీర్మానం చెయ్యలేదు. ప్రకటన కాగితం రేవులో అంటించారు, జనం చదివారు, చేపల బుట్టలెత్తుకుని వెళ్లిపోయారు. నిరుడు ఇదే ఉద్యోగం కోసం నాతో తగువు పెట్టుకున్న మా ఆడపడుచు కూడా చదివి వెళ్లిపోయింది. అవతలి ఒడ్డున కూడా అంతేనట. చేతికి కట్టు కట్టుకున్న ఆ పెద్దావిడ అక్కడి రేవులోనే చేపలు అమ్ముతుంది. ఎవరైనా ప్రకటన ముందు ఎక్కువసేపు నిలబడితే కట్టు విప్పి చూపిస్తుందట. ఏమీ అనదట.

వలలు ఇప్పుడు పాయ మధ్యలో కలిసే వేస్తున్నారు. తగాదాలు కూడా మొదలయ్యాయి, వల ఎవరిది, చేప ఎవరిది అని. వినడానికి హాయిగా ఉంది.

నమోదు 4,528. బుధవారం.

మూడో ప్రకటన గడువు మొన్నటితో ముగిసింది. దరఖాస్తులు సున్న. మూడుసార్లు మనుషులు రాకపోతే కావలిని ఎత్తివేయాలన్నది కూడా పాత చట్టంలోనే ఉందట. రాసినవాళ్లు ఇలా జరుగుతుందనుకుని ఉండరు. ఉదయం ఇద్దరు మెకానిక్కులు వచ్చి యంత్రం గొట్టం ఊడదీసి, గోనె చుట్టి లాంచీలోకి ఎక్కించారు. అవతల కూడా అదే పని జరుగుతోంది. స్పానర్ల చప్పుడు నీళ్ల మీదుగా ఇక్కడికి వినబడుతోంది.

కాదంబరి గారి ఉద్యోగం పోలేదు, ఒక పదోన్నతి ఆగింది. గట్టు దిగి, యథాప్రకారం ఓ పక్కకు వెళ్లివచ్చి, మజ్జిగ తాగి, నా ముందు ముగింపు ఫారం పెట్టారు. పేరు, నంబరు, కాలం, మొత్తం అనుమతులు. అనుమతుల దగ్గర సున్న రాశాను. చివర ఒక గడి ఉంది: కావలి ఎత్తివేయుటకు కారణం.

పరిపాలనా కారణాలు అని రాస్తే సరిపోతుందని, అందరూ అదే రాస్తారని ఆవిడ అన్నారు.

నేను కుదురుగా రాశాను: మనుషులు దొరకలేదు.

ఆవిడ చదివారు. మళ్లీ చదివి, స్టాంపు వేసి, కింద సంతకం పెట్టారు.